తలుపేసుకున్న పువ్వు

ఫోను మోగేసరికి కోడలి పది వేళ్ళకీ జిగురే. పెరటి షెడ్డులో ఖాళీ సీసాలకి ముందుగానే లేబుళ్ళు అంటించి వరసగా నిలబెడుతోంది. వాటిలో ఒకటి కాస్త వంకరగా అతుక్కుంది. ఇంకొకరైతే పీకి మళ్ళీ అంటించేవారు. ఆమె మాత్రం దాన్ని పైకెత్తి, "ఇది తల పక్కకి వాల్చి మనల్నే చూస్తున్నట్టు లేదూ?" అని భర్తకి చూపించి మురిసిపోతోంది. కొత్తగా పెళ్ళయిన మనిషి. ఈ మధ్య ఆమెకి వంకర లేబుల్ కూడా ముద్దొస్తోంది.

"ముందు ఆ ఫోను ఎత్తండర్రా," అన్నారు అత్తగారు, కడిగిన సీసాలు బోర్లిస్తూ.

"నా చేతులకి జిగురు అత్తయ్యా."

"నా చేతులకి నీళ్ళు. ఒరేయ్ చిట్టీ, నీ చేతులకేం రోగం?"

చిట్టి అంటే ఆమె భర్త. అసలు పేరు బ్యాంకు వాళ్ళకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. అతని చేతుల్లో ఇంకో ఆరు సీసాలున్నాయి. ఫోను బల్ల మీదే ఉంచి, మోచేత్తో స్పీకరు నొక్కి, దానికి దణ్ణం పెడుతున్నవాడిలా వంగి "హలో" అన్నాడు.

అవతల మాట్లాడుతున్నది పెద్ద హోటలు బారు మేనేజరు. మర్యాదస్తుడిలా ఉన్నాడు. మీరు చేసే ఊదాపూల లికర్ ఒక స్నేహితుడింట్లో రుచి చూశానండీ, అన్నాడు. తమ హోటల్లో కొత్త బారు తెరుస్తున్నారట. అందులో అన్నీ పాతకాలపు కాక్‌టెయిళ్ళే పోస్తారట. జాబితాలో మొట్టమొదటిది జిన్‌లో నిమ్మరసం పిండి, చెర్రీ లికర్ కాస్త వేసి, చివరికి ఒక్క చెంచా ఊదాపూల లికర్ జారవిడిచేది. ఆ చెంచా పడగానే గ్లాసంతా తెల్లవారుజాము ఆకాశం రంగు తిరుగుతుందట.

"రంగు ఎవరి సీసా అయినా ఇస్తుందండీ," అన్నాడు. "వాసన మీదొక్కటే ఇచ్చింది. తక్కినవన్నీ సబ్బే. ఈ ఏడు మీరు చేసినదంతా మాకే కావాలి. ఇక మీదట ప్రతి ఏడూ కూడా. రేపు పొద్దున వచ్చి ఒకసారి జాడీ చూసి మాట ఖాయం చేసుకుంటాను. ఇబ్బంది లేదు కదా?"

"అబ్బే, ఇబ్బందేమిటండీ," అన్నాడు చిట్టి. అప్పటికే అతని చేతిలో సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి.

ఫోను ఆగిపోయింది. ఆ తరవాత కోడలు జిగురు చేతులతోనే భర్త చెవులు పట్టుకుని ఊపేసింది. అత్తగారు చూడనట్టు పక్కకి తిరిగి, తడి చేతుల్ని అవసరం లేకపోయినా మళ్ళీ తుడుచుకున్నారు.

పెళ్ళికి ముందు స్నేహితురాళ్ళు "మీ అత్తవారు ఏం చేస్తారే?" అని అడిగితే ఆమె "పూలు నానబెడతారు" అనేది. అబద్ధమేమీ కాదు. ఆ ఇంటి వెనక పొడుగాటి మళ్ళలో చలికాలమంతా ఊదాపూలు పూస్తాయి. గోరంత పువ్వు. దాని కాడా, కింద పచ్చటి తొడిమా గిల్లేసి, రేకుల్ని మాత్రం స్పిరిట్‌లో నానబెడతారు. వాసన స్పిరిట్‌లోకి దిగగానే పూలు తీసేసి, వడకట్టి, చక్కెర పాకం కలిపితే అదే లికర్, తియ్యటి మద్యం. ఇందులో కష్టమంతా ఒక్కటే. పూలు ఎప్పుడు తీయాలో తెలియాలి. ముందుగా తీస్తే రంగు నీళ్ళు మిగులుతాయి. ఆలస్యమైతే పువ్వు కుళ్ళి, పచ్చి ఆకు వాసన పట్టుకుంటుంది. ఇక దాన్ని బాగుచేసే దారి లేదు. ఆ ఘడియ చెప్పేది మామగారు ఒక్కరే. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్న విద్య అది. ఇంట్లో మిగతా వాళ్ళందరూ కోస్తారు, గిల్లుతారు, కడుగుతారు, మోస్తారు. తీయమని మాత్రం చెప్పరు.

మళ్ళలో కలుపు తీస్తున్న మామగారికి చిట్టి పరుగెత్తుకెళ్ళి కబురు చెప్పాడు. ఆయన నిదానంగా నడిచి వచ్చి, కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశారు.

"ఏమన్నాడూ? సబ్బన్నాడా?"

"తక్కినవన్నీ సబ్బే అన్నాడు నాన్నా."

"విన్నావా?" అన్నారు భార్యతో. "ఇన్నేళ్ళకి ముక్కున్న మనిషి ఒకడు ఫోను చేశాడు."

అత్తగారు నవ్వారు. ఆ నవ్వు కాస్త ముందే సిద్ధం చేసి ఉంచుకున్నట్టుందని కోడలికి అప్పుడు తోచలేదు. తరవాత తోచింది.

"అయితే ఇవాళ జాడీల సంగతి తేల్చాలి," అన్నారు మామగారు. "ఏమ్మా, నువ్వూ రా. ఇంటి మనిషివయ్యావు. ఎన్నాళ్ళని లేబుళ్ళు అంటిస్తావు?"

ఆమె గబగబా చేతులు కడుక్కుంది. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచీ ఆమెకున్న కోరిక అదొక్కటే. ఆమె వచ్చేసరికి పూల కాలం అయిపోయింది. మళ్ళలో ఆకులు తప్ప ఏమీ లేవు. ఊదాపువ్వు వాసన ఎలా ఉంటుందో ఆమెకింకా తెలియదు. జాడీల గదిలోకి ఊరికే ఎవరినీ రానివ్వరు. దానికో కారణముంది.

ఊదాపువ్వు వాసన తక్కిన పూల వాసనలాంటిది కాదు. మొదటి శ్వాసకి అందుతుంది. రెండో శ్వాసకి ఉండదు. పువ్వు అక్కడే ఉంటుంది, వాసనా అక్కడే ఉంటుంది, పనిచేయనిది మన ముక్కే. కాసేపు బయట తిరిగి వస్తే మళ్ళీ ఒక్క శ్వాస. ఈ సంగతికి ఆ ఇంట్లో ఒక మాట ఉంది. "పువ్వు తలుపేసుకుంది" అంటారు. అందుకని ఆ గదిలోకి బయటి గాలి పీల్చి నేరుగా రావాలి. ఒక్కసారే వంగాలి. ఎవరేం పసిగట్టారో పెద్దాయన అడిగేదాకా నోరు విప్పకూడదు.

"అత్తయ్యా, మీరు రారా?"

"నాకీ సీసాలున్నాయిగా. మీరు వెళ్ళండి," అన్నారు ఆవిడ, అప్పటికే కడిగేసిన సీసాని మళ్ళీ కడుగుతూ.

గదిలో మూడు గాజు జాడీలు, వెలుగు తగలకుండా నల్లగుడ్డ కప్పుకుని, ఫొటోకి నిలబడ్డ అన్నదమ్ముల్లా ఉన్నాయి. మామగారు మొదటి దాని గుడ్డ తొలగించి, మూత ఎత్తి, వంగి, కళ్ళు మూసుకుని పీల్చారు. చాలాసేపు అలాగే ఉన్నారు.

"ఇంకా దిగలేదు," అన్నారు చివరికి. "కాస్త వచ్చినట్టే వచ్చి తలుపేసుకుంది. ఏరా?"

చిట్టి వంగి లేచాడు. "ఊఁ," అన్నాడు.

తరవాత ఆమె వంతు. జాడీ అంచు పట్టుకుని వంగింది. ఎన్ని ఊహించుకుందో. పౌడరు డబ్బా మూత తీసినట్టు ఉంటుందేమో, వాన వెలిసిన పెరడులా ఉంటుందేమో అనుకుంది. గట్టిగా పీల్చింది.

ఆకుకూర. ఉడికించి, మూత తీయడం మరిచిపోయి, మర్నాడు తీస్తే ఎలా ఉంటుందో అది.

"ఏమనిపించిందమ్మా?"

ఆమె అటూ ఇటూ చూసింది. చిట్టి తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

"కొత్త కదా మావయ్యా. నాకు అంతగా తెలియలేదు."

"మొదటిసారి ఎవరికీ దొరకదులే," అన్నారాయన ముద్దుగా. "రేపు ఆయన రాకపోతే ఇంకో నాలుగు రోజులు ఉంచేవాణ్ణి. సరే, సాయంత్రం ఇంకోసారి చూసి వడకట్టేద్దాం."

పెరట్లోకి వచ్చాక ఆమె భర్త చొక్కా కొస పట్టుకుని ఆపింది. అత్తమామల ముందు అతన్ని "ఏవండీ" అంటుంది. ఇద్దరే ఉంటే వేరే.

"చిట్టిబాబు గారూ, తమరిని ఒకటి అడగనా?"

"అడుగు."

"నవ్వకూడదు. ఊదాపూలంటే ఉడికిన ఆకుకూర వాసనా?"

అతను నవ్వలేదు. బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు.

"నీకూ అలాగే వచ్చిందా?"

"నీకూనా?"

"చాలా రోజులయింది."

"మరి చెప్పవేం?"

"ఏమని చెప్పను? ఆయన ఇంకా దిగలేదంటున్నారు. నాది తప్పనుకున్నా. మా ఇంట్లో ముక్కంటే ఆయనది. మేమంతా చేతులం." అని జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి, "మామూలుగా అయితే మన పెళ్ళినాటికే పాకంలో కలిసిపోవాల్సింది. ఈసారి చలి ఎక్కువ, అందుకే ఆలస్యం అన్నారు. అంతే కాబోలనుకున్నా," అన్నాడు.

ఆమె అతని పక్కనే బకెట్ అంచు మీద ఇరుక్కుని కూర్చుంది. ఇంకో రోజయితే ఆ ఇరుకు ఆమెకి ఎంతో బాగుండేది.

"మావయ్యకి అది రావడం లేదేమో?"

"ఏది?"

"ఆకుకూర."

"ఆయనకి రాకపోవడమేమిటి? పక్కింట్లో ఏ సబ్బు మార్చారో ఇక్కణ్ణించే చెప్తారు."

"ఈ మధ్య చెప్పారా?"

చిట్టి నోరు తెరిచి, ఏదో గుర్తు చేసుకోబోయి, అలాగే ఉండిపోయాడు.

ఇంతలో వంటింటివైపు నించి మాడువాసన వచ్చింది. ఇద్దరూ ఒకేసారి లేచారు. గుమ్మంలోకి వెళ్ళేసరికి మామగారు పొయ్యికి రెండడుగుల దూరంలో, వాళ్ళకి వీపు పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడి ఉన్నారు. రేపటి సంగతి తలుచుకుంటున్నారేమో, సన్నగా ఏదో కూనిరాగం తీస్తున్నారు. పాలు పొంగి, ఒలికి, మాడి, గిన్నె నల్లబడుతోంది. గదంతా ఆ వాసనతో నిండిపోయి ఉంది. ఊపిరి తీసుకోవడానికే లేక ఇద్దరూ గుమ్మంలోనే ముక్కులు మూసుకుని ఆగిపోయారు. ఆయన రాగం ఆపలేదు.

"మావయ్యా, పాలు," అంది ఆమె.

ఆయన వెనక్కి తిరిగి, పొగ చూసి, "అరెరె" అంటూ పొయ్యి కట్టేశారు. "పరాకులో పడ్డానమ్మా. నీ అత్తతో చెప్పకు," అని నవ్వారు.

చెప్పే పని లేకుండా అత్తగారే వచ్చేశారు. ఆవిడ గిన్నె వంక చూడలేదు, భర్త వంక చూడలేదు. నేరుగా కోడలి మొహంలోకి చూశారు. కోడలి మొహం ఏదీ దాచుకోలేని మొహం. అందులో ఏం కనపడిందో, ఆవిడ గిన్నె తీసుకుని, "నాతో రా అమ్మాయ్, ఇది ఒక్కదాన్ని తోమలేను," అన్నారు.

కుళాయి దగ్గర గిన్నె మధ్యలో పెట్టుకుని ఇద్దరూ కూర్చున్నారు. తోముతున్నది అత్తగారే. కోడలు ఊరికే నీళ్ళు పోస్తోంది.

"చలికాలం మొదట్లో ఆయనకి జ్వరం వచ్చింది," అన్నారు ఆవిడ, తోముడు ఆపకుండా. "జ్వరం పోయింది. ముక్కు తిరిగి రాలేదు."

"డాక్టరు దగ్గరికి..."

"తీసుకెళ్ళానులే. జలుబు తగ్గట్లేదని చెప్పి. ఈయన్ని బయట కూర్చోబెట్టి అడిగితే, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడాయన. ఆ మాటకి అంత చదువెందుకో. అది కూడా ఈయనకి చెప్పలేదు. జలుబే అన్నానంతే."

"మావయ్యకి తెలీదా?"

"ఎలా తెలుస్తుంది? ఇంకో ఇంట్లో అయితే తెలిసేది. ఈ ఇంట్లో ముక్కు పనిచేయకపోతే అందరం ఏమంటాం? పువ్వు తలుపేసుకుందంటాం. ఆయనా అదే అనుకున్నారు. పొద్దున్నే కాఫీ తాగుతూ 'పొడి పాతదా ఏమిటి, వాసన లేదు' అంటారు. అవునంటాను. కూరలో ఉప్పు తగ్గిందంటారు. రెండో పూట రెండింతలు వేస్తాను. మేమిద్దరం ఉప్పు తిని తిని చచ్చేలా ఉన్నాం, నేనూ నీ మొగుడూ."

కోడలికి నవ్వొచ్చింది, ఆపుకుంది. ఆ ఉప్పు సంగతి ఆమె కూడా గమనించింది. అత్తవారింటి రుచి అలాగే ఉంటుంది కాబోలని, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, మెచ్చుకుంటూ తినేది.

"మీకు వాసన తెలిసిందా అత్తయ్యా? జాడీలది?"

"తెలిసింది. మొదట మంచి వాసనే తెలిసింది. ఇప్పుడు తీయాలి అనిపించింది. ఏమండీ, ఇవాళ తీసేద్దామా అన్నాను. నీకెప్పుడూ తొందరే, ఇంకా దిగనే లేదు అన్నారు. గట్టిగా చెప్పాలంటే ఎందుకు చెప్తున్నానో చెప్పాలి కదా. రేపు చెప్దాం అనుకున్నాను. మర్నాడు కూడా అదే అనుకున్నాను." పీచు పక్కన పడేశారు. "అలా అనుకుంటూ ఉండగానే ఉడికిపోయింది."

గిన్నె అడుగు తెల్లబడింది. ఆవిడ దాన్ని ఇంకా తోముతూనే ఉన్నారు. కోడలు ఆవిడ చేయి పట్టుకుని ఆపుదామనుకుంది. ఇంకా అంత చనువు రాలేదు. నీళ్ళు పోసింది.

చిట్టికి ఈ సంగతంతా ఆమే చెప్పింది. అతను అటు పదడుగులు, ఇటు పదడుగులు నడిచాడు. మళ్ళలోకి వెళ్ళి ఆకులు పక్కకి తోసి వెతకడం మొదలుపెట్టాడు. ఆమె కూడా మోకాళ్ళ మీద కూర్చుని వెతికింది. ఎండిన ఆకుల కింద, నీడపట్టున, ఒకచోట నిజంగానే ఒక పువ్వు దొరికింది. ఆమెకి ప్రాణం లేచి వచ్చింది. "చిట్టీ, ఇటు రా, ఇటు రా," అంటూ చేయి ఊపింది. ఇంకొంచెం వెతికితే ఇంకో మూడు. అరచేతిలో పెట్టుకుని చూస్తే అంత చిన్న వస్తువుల మీద అంత ఊదారంగు ఎలా పట్టిందా అని ఆశ్చర్యపోయింది. వాసన చూస్తే ఏమీ లేదు. వేడికి వాడిపోయి ఉన్నాయి.

"జాడీకి బుట్టెడు కావాలి," అన్నాడు చిట్టి నెమ్మదిగా.

"తెలుసులే," అంది ఆమె. అయినా పారేయలేదు.

అప్పుడతనికి షెడ్డులో సొరుగు గుర్తొచ్చింది. ఎప్పుడో ఒక సేల్స్‌మన్ ఊదాపూల ఎసెన్సు శాంపిల్ ఇచ్చి వెళ్ళాడు. ఫ్యాక్టరీ సరుకు. చిటికెనవేలంత సీసా. మామగారు దాన్ని ముట్టుకోలేదు. కానీ ఆ ఇంట్లో సీసా ఏదైనా పారేయరు.

"ఒక్క చుక్క వేసి చూద్దాం," అన్నాడు.

"మావయ్యకి తెలిస్తే?"

"ఆయనకి తెలీదుగా," అనేసి, తన నోట్లోంచి వచ్చిన మాట తనకే వినపడి, పెదవి కొరుక్కున్నాడు.

ఆమెకి వద్దనాలని ఉంది. కానీ వద్దంటే ఇంకేం చేయాలో చెప్పాలి. ఆ చెప్పేది ఆమె దగ్గర లేదు.

ఒక చిన్న గ్లాసులో జాడీలోది కాస్త వడకట్టి, పాకం కలిపి, ఎసెన్సు ఒక్క చుక్క వేశాడు. పీల్చాడు. అతని కళ్ళు పెద్దవయ్యాయి. "వచ్చింది," అన్నాడు. "ఇదే. నువ్వూ చూడు."

ఆమె పీల్చింది. అబ్బ, ఎంత బాగుందో. తియ్యగా, చల్లగా, కొత్త చీర మడతల్లో పౌడరు రాలినట్టు. ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదే అనుకుంది. ఇంకోసారి పీల్చింది. ఏమీ లేదు. ఉత్త గ్లాసు.

"ఆకుకూర పోయిందా?" అడిగాడతను.

"తెలీదు. నీకు?"

"నాకూ తెలీదు. తలుపేసుకుంది."

"చుక్క ఎక్కువైందా?"

"ఎలా చెప్పను?"

ఇద్దరూ బయటికి పరుగెత్తి, మళ్ళ చుట్టూ తిరిగి, చిన్నపిల్లల్లా నోళ్ళు తెరిచి గాలి పీల్చి, మళ్ళీ లోపలికి వచ్చి ఒక్కో శ్వాస చూశారు. ఈసారి పైన సబ్బు, అడుగున ఆకుకూర. ఇంకో చుక్క వేశాడు. మళ్ళీ ఏమీ తెలియదు. మళ్ళీ బయటికి. మళ్ళీ లోపలికి. మూడో తిరుగుడుకి అతని కాలు ఖాళీ డబ్బాకి తగిలి అది దొర్లుకుంటూ పోయింది. ఆమెకి నవ్వు ఆగలేదు. అతనూ నవ్వాడు. బల్లకి ఆనుకుని, కడుపు పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నవ్వు ఆగాక కూడా ఆమె కళ్ళల్లోంచి నీళ్ళు ఆగలేదు. అతను తన చేతి వెనకవైపుతో అవి తుడిచాడు. వేళ్ళకి ఎసెన్సు ఉంది మరి.

"ఎన్ని చుక్కలు వేశావు?" అంది.

"లెక్క తప్పాను."

తలుపు దగ్గర చెప్పుల చప్పుడయింది. ఆమె చిన్న సీసాని గుప్పిట్లో దాచేసింది. మామగారు లోపలికి వచ్చారు. ఆయన వెనకే అత్తగారు గుమ్మంలో ఆగిపోయారు.

"మీరు ముందే తీసేశారా?" అన్నారాయన గ్లాసు చూసి. కోపం లేదు. గ్లాసు అందుకుని వెలుగుకి పట్టి చూశారు. రంగు బాగుంది. ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చారు. ఎప్పటిలా కళ్ళు మూసుకోలేదు. గ్లాసు మీదుగా కొడుకు మొహం చూశారు, కోడలి మొహం చూశారు.

"బాగా వచ్చింది కదండీ," అన్నారు గుమ్మంలోంచి అత్తగారు నవ్వుతూ.

"నిన్నడగలేదు," అన్నారాయన మెల్లగా. "అమ్మాయ్, నువ్వు చెప్పు. ఏం వాసన వస్తోంది?"

అబద్ధం చెప్పాలన్నా నిజం చెప్పాలన్నా ఆ క్షణాన ఆమె దగ్గర ఏదీ లేదు.

"నాకేమీ రావట్లేదు మావయ్యా," అంది.

"నాకూ అంతే," అన్నారాయన. గ్లాసు కింద పెట్టారు. "నీకు ఎప్పట్నించి?"

"ఇప్పుడే. ఇందాక చూశాను కదా. కాసేపు బయటికి వెళ్తే వచ్చేస్తుంది."

"నేను పొద్దుటినించీ బయటే తిరుగుతున్నా తల్లీ."

చిట్టి ఏదో అనబోయాడు. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"తిండి చప్పబడింది. ముసలితనం అనుకున్నా. పువ్వు ఎప్పుడూ దాక్కునేదే కదా, దాన్ని అనుమానించలేదు. ఇందాక పాలు మాడితే మీరిద్దరూ గుమ్మంలో ముక్కులు మూసుకుని నిలబడ్డారు. నేను లోపల ఉన్నాను." ఆయన బల్ల అంచు తడుముకుని స్టూలు మీద కూర్చున్నారు. "పొద్దున జాడీలో నీకేం వచ్చింది? నిజం చెప్పు."

"ఉడికిన ఆకుకూర."

ఆయన తల ఊపారు. కాసేపు ఊపుతూనే ఉన్నారు. "మూడింట్లోనూ?"

"మూడింట్లోనూ నాన్నా," అన్నాడు చిట్టి.

ఆమె గుప్పిట విప్పి చిన్న సీసా బల్ల మీద పెట్టింది. తిడతారనుకుంది. తిడితే బాగుండును కూడా అనుకుంది. ఆయన దాన్ని అటూ ఇటూ దొర్లించి చూసి, "ఎన్ని చుక్కలు వేశారు?" అన్నారు.

"తెలీదు మావయ్యా. మాక్కూడా తలుపేసుకుంది."

ఆయన పెదవుల మీద ఏదో కదిలింది. నవ్వు అనడానికి లేదు.

"నేను చెప్పి ఉండాల్సింది," అన్నారు అత్తగారు. నవ్వు ఆవిడ మొహం మీద ఇంకా సగం మిగిలే ఉంది. దాన్నేం చేసుకోవాలో ఆవిడకి తెలియనట్టుంది.

"చెప్తే మాత్రం ఏం చేసేవాళ్ళం?"

"పూలు బతికేవి," అన్నారు ఆవిడ.

అది నిజమే. ఆయన గోడవైపు చూశారు. షెడ్డులో గోడ పొడుగునా లేబుళ్ళు అంటించిన ఖాళీ సీసాలు వరసగా నిలబడి ఉన్నాయి. సాయంత్రపు వెలుగు వాటిలోంచి అవతలికి పోతోంది.

"నేను ఫోను చేస్తాను నాన్నా," అన్నాడు చిట్టి. "ఒంట్లో బాగోలేదని చెప్పి, రావద్దంటాను. వచ్చే ఏడు చూసుకుందాం అంటాను."

"వచ్చే ఏడు ఎవరు చూస్తారు?"

చిట్టి తలొంచుకున్నాడు. ఆ మాట తనకే తగులుతుందని అతనికి తెలుసు. కోడలు అతని వేలు పట్టుకుంది. పట్టుకోవడం తప్ప ఏం చేయాలో ఆమెకీ తోచలేదు. ఆమె ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ ప్రతి చిన్న విషయానికీ సంతోషపడింది, వంకర లేబుల్‌కీ, ఉప్పు కూరకీ కూడా. ఇప్పుడు వెతికినా ఏదీ దొరకలేదు.

మామగారు గ్లాసులోది తొట్టిలో పోసేసి, గ్లాసు తనే కడిగి, బోర్లించారు. చేతులు తుడుచుకుంటూ వెనక్కి తిరిగారు.

"రావద్దని చెప్పకు, రానీ," అన్నారు. "ఫోన్లో వాసన ఏం చెప్తాం? రేపు పొద్దున్నే గది ఊడ్చి కిటికీలు తెరవండి. మూడు జాడీల మీదా గుడ్డలు తీసి ఉంచుదాం. ఆయన వచ్చాక మూత ఆయన చేతే తీయిద్దాం. నేను ఎదురుగా నిలబడతాను. ఆయనేం అంటే అది విందాం. మీరెవరూ ఏమీ మాట్లాడకండి." గుమ్మం దాటబోతూ భార్య దగ్గర ఆగారు. "నువ్వు మాత్రం రేపు నా పక్కనే ఉండు. నవ్వక్కర్లేదు, ఊరికే ఉండు."